నడిమి పెడలు

శుక్రవారం పొద్దున బడి గేటు దగ్గర రెడ్డెప్ప కాలు అతని మాట వినలేదు.

బండి నిండా పిల్లలు. గంట కొట్టే వేళ దగ్గర పడుతోంది. ఆ వేళకి గేటు దగ్గర బండిని గబుక్కున లోపలికి తిప్పడం అతనికి రోజూ అలవాటే. ఆ రోజు కూడా అట్లాగే తిప్పాడు. గోడ చాటు నుంచి ఆయా కొండమ్మ నీళ్ల బకెట్టుతో సరిగ్గా బండికి ఎదురొచ్చింది.

రెడ్డెప్ప బ్రేకు తొక్కాడు. తొక్కాననే అనుకున్నాడు. ఇంజను గొంతు చించుకుని అరిచింది.

ఎడమకాలు క్లచ్చిని అదిమి పెట్టి ఉండబట్టి సరిపోయింది, బండి ముందుకి దూకలేదు. ఉన్న ఊపుకే జారింది. రెండోసారి కాలు పడాల్సిన చోట పడింది. బకెట్టుకి జానెడు దూరంలో బండి ఆగింది.

"ఏమబ్బీ రెడ్డెప్పా! హారను చెడిపోయిందా, ఇంజనుతోనే అదిలిస్తా ఉండావు?" అంది కొండమ్మ, తొణికిన నీళ్లు చీర మీద నుంచి దులుపుకుంటూ. "నన్ను పైకి పంపిస్తే రేపట్నుంచి ఈ బడంతా నువ్వు ఊడుస్తావా?"

పిల్లలు గొల్లున నవ్వారు. రెడ్డెప్ప కూడా నవ్వాడు. పిల్లలందరూ దిగి లోపలికి పోయేదాకా మాత్రం సీట్లోంచి లేవలేదు. కుడికాలు మోకాలి దగ్గర నుంచి వణుకుతోంది. లేస్తే ఎవరైనా చూస్తారు.

ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. అతనికి తెలుసు. కాలు కుడివైపుకి పోయింది. ఈ బండిలో కుడివైపున ఉండేది బ్రేకు కాదు.

కుడివైపున బ్రేకు ఉండేది ఇంకో కారులో.

ఆ కారు మదనపల్లె దాటినాక, హార్సిలీ కొండకి పోయే దారి పక్కన ఒక రేకుల షెడ్డులో ఉంటుంది. తెల్లదొరల కాలం నాటి రెండు సీట్ల రేసు కారు. టాపు లేదు. ఎర్ర రంగు వెలిసి వెలిసి ఇటికపొడి రంగుకి దిగింది. దాని సొంతదారు బెంగళూరు ఆసామి. ఏడాదికొకసారి పాత కార్లవాళ్లందరూ కొండ మీద కలిసేటప్పుడు వచ్చి దర్జాగా పక్క సీట్లో కూర్చుంటాడు. నడిపేది, కడిగేది, దాని దగ్గును దూరం నుంచే విని ఏ నరం పట్టేసిందో చెప్పేది దస్తగిరి ఉస్తాద్.

ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టినవాళ్లలో సగం మంది ఉస్తాద్ శిష్యులే. వయసులో ఉన్నప్పుడు లారీలు తోలినవాడు. ఇప్పుడు గడ్డం తెల్లగా, మనిషి సన్నగా, మాట ఇంకా సన్నగా ఉంటుంది. శిష్యుడు తప్పు చేస్తే తిట్టడు. బండి ఆపించి, దిగి, ఒక బీడీ కాల్చుకుని వచ్చి మళ్లీ కూర్చుంటాడు. ఆ బీడీ కన్నా తిట్లే నయమనేవాళ్లు శిష్యులు.

ఆ కారులో ఏదీ ఉండాల్సిన చోట ఉండదు. గేరు రాడ్డు నడుమ కాకుండా కుడిచేతి పక్కన, సీటుకీ తలుపుకీ మధ్య ఇరికించి ఉంటుంది. తాళం పెట్టే చోటు స్టీరింగుకి ఎడమవైపు. కిందికి చూస్తే క్లచ్చి ఒక్కటే అందరి బండ్లలో ఉన్నట్టు ఉంటుంది. బ్రేకు ఉండాల్సిన నడిమి చోట యాక్సిలేటరు, యాక్సిలేటరు ఉండాల్సిన కుడి చోట బ్రేకు.

"ఎందుకిట్ల చేసినారు ఉస్తాద్?" అని మొదటిరోజే అడిగాడు రెడ్డెప్ప.

"చేసినోడు పోయినాడు. కారు ఉండాది. కూర్చో."

అట్లాంటి కారు మనిషికి అలవాట్లు అంటిస్తుంది. ఉస్తాద్ కుర్చీలో ఊరికే కూర్చున్నా కుడిచెయ్యి కిందికి వేలాడుతూ లేని గేరు కోసం తడుముతుంటుంది. ఒకసారి మామూలు జీపు తోలుతూ గేరు మార్చబోయి, చేతికి దొరికిన పిడి పట్టి లాగాడు. తలుపు తెరుచుకుంది. అప్పటి నుంచి ఆ జీపు తలుపుకి లోపల తాడు కట్టి ఉంటుంది. టీ అంగడి సిద్దయ్య ఈ కథని వచ్చినవాడికల్లా టీతో పాటు పోసేవాడు. ఉస్తాద్ అక్కడే కూర్చుని అందరితో కలిసి నవ్వేవాడు.

మోకాళ్లు అరిగాయని, కారుకి ఇంకో మనిషి కావాలని ఉస్తాద్ రెడ్డెప్పని ఎంచుకున్నాడు. వారం పొడుగునా బడి పిల్లల బండి, ఆదివారం ఈ రేసు కారు. రెడ్డెప్ప తొందరగా పట్టేశాడు. ఘాట్ రోడ్డు ఎక్కించాడు, దించాడు. ఒకనాడు సిద్దయ్య అంగడిలో పదిమంది ముందు కాలు కాలు మీద వేసుకుని అన్నాడు:

"నా కాలికి రెండు భాషలొచ్చు సిద్దన్నా. ఏ బండెక్కితే ఆ బండి భాష."

పక్క బల్ల మీద ఉస్తాద్ టీ తాగుతున్నాడు. రెడ్డెప్ప ముఖం చూశాడు. తర్వాత రెడ్డెప్ప కాలు చూశాడు. గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు.

ఇప్పుడు ఆ కాలే అతన్ని తినేస్తోంది.

శుక్రవారం సాయంత్రం పిల్లల్ని దించి వచ్చాక, బండి బ్రేకు పెడలు మీద ఎర్ర టేపు చుట్టాడు. శనివారం పొద్దున కళ్లు మాటిమాటికీ ఆ టేపు మీదికే దిగాయి. పక్కనుంచి ఒక స్కూటరు దాటిపోయాకగానీ అది వస్తున్న సంగతి అతనికి తెలియలేదు. టేపు పీకేశాడు. మిగతా దారంతా "నడిమిది, నడిమిది" అని గొణుక్కుంటూ పోయాడు.

"ఏం మంత్రం చదువుతా ఉండావన్నా?" అని వెనక సీటు నుంచి ఒక గొంతు. అందరూ కిసుక్కున నవ్వారు. అద్దంలో ఆ ముఖాలు చూసి అతనికి చెమట పట్టింది. వీళ్ల అమ్మానాన్నలు జడలు వేసి, క్యారియర్లు కట్టి, తన చేతికి అప్పజెప్పి వెనక్కి తిరిగి చూడకుండా పనుల్లోకి పోతున్నారు.

ఇంట్లో మూడు చెప్పులు వరసగా పేర్చి కాలుతో తొక్కి చూసుకున్నాడు. బ్రేకు అనుకుంటే నడిమి చెప్పే. ఎన్నిసార్లు తొక్కినా నడిమి చెప్పే. ఒక్కసారైనా తప్పలేదు. అదే ఇంకా భయపెట్టింది. అడిగి తొక్కిస్తే తప్పని కాలు, అడగకుండా ఎవరో అడ్డమొస్తే ఎటు పోతుందో ఎవరు చెప్పాలి?

"అన్నం తినేటప్పుడు కూడా ఏంది ఆ తొక్కుడు? పీట ఇరిగిపోతాది," అంది భార్య నాగవేణి.

అతను కాలు చూసుకున్నాడు. నిజమే, తొక్కుతోంది.

శనివారం సాయంత్రం హెడ్మాస్టరు దగ్గరికి పోయి, కాలు నొప్పిగా ఉందనీ, సోమవారం నుంచి రాలేనేమోననీ చెప్పాడు. ఆయన కళ్లజోడు తీసి చూశాడు.

"రాలేనేమో అంటే ఎట్లప్పా? పిల్లోళ్ల సంగతి. రేపు సాయంత్రం ఫోను చేస్తా, ఏదో ఒకటి ఖాయంగా చెప్పు. వేరే మనిషిని ఎతుక్కోవాల." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ అన్నాడు, "నీ అంత నమ్మకమైనోడు దొరకడులే."

ఆ మాట రెడ్డెప్పకి దెబ్బలా తగిలింది.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డుకి వెళ్లాడు. ఉస్తాద్ నమాజు ముగించి చాప చుడుతున్నాడు. రెడ్డెప్ప జేబులోంచి కారు తాళం తీసి పనిముట్ల పెట్టె మీద పెట్టాడు.

"ఈ కారు నాకొద్దు ఉస్తాద్. ఆ బండీ వద్దు. అసలు స్టీరింగే వద్దు. మా మామ టమోటా మండీలో పని ఉందంటున్నాడు. పోతా."

ఉస్తాద్ చాపని మేకుకి తగిలించాడు. "ఏమైంది?"

రెడ్డెప్ప చెప్పాడు. గేటు, బకెట్టు, ఇంజను అరుపు, జానెడు దూరం.

"ఎవరికన్నా తగిలిందా?"

"లేదు."

"ఎవరికన్నా చెప్పినావా?"

"మీకే."

"సరే, అడుగు."

"అడిగేదేముంది ఉస్తాద్? తాళం ఇచ్చిపోదామని వచ్చినా."

"తాళం ఇచ్చిపోయేవాడివైతే నేను నమాజులో ఉన్నప్పుడే పెట్టిపోయుందువు. గుమ్మంలో నిలబడి కాసుకోనుంటివి. అడుగు."

రెడ్డెప్ప చూపు పెట్టె మీది తాళం మీద పడింది. "మీరు మొదట లారీలే గదా తోలినారు. లారీలో బ్రేకు నడుమే గదా. తర్వాత ఈ కారు పట్టినారు. మళ్లీ జీపు. ఇన్నేండ్లల్లో మీ కాలు తప్పిందని ఎవరూ చెప్పగా వినలేదు. పాత అలవాటు కాలితో ఎట్ల మాన్పించినారు? అది చెప్పండి ఉస్తాద్. అంతే."

ఉస్తాద్ కారు తలుపు తెరిచి, మోకాలు పట్టుకుని మెల్లగా సీట్లోకి దిగాడు. ఇంజను వెయ్యలేదు.

"ఆ బోల్టుల పళ్లెం తీసుకో. నా వెనక నిలబడు. కింద పడెయ్యి. చప్పుడైతే నేను బ్రేకు తొక్కుతా."

రెడ్డెప్ప రేకు పళ్లెం తీసుకుని వెనక నిలబడ్డాడు. వదిలేశాడు. పళ్లెం ఖంగున మోగింది. వంగి చూస్తే ఉస్తాద్ కాలు కుడిపెడలు మీద ఉంది. సరిగ్గా బ్రేకు మీద.

"చూసినారా," అన్నాడు రెడ్డెప్ప నీరసంగా. "మీది సరిగ్గానే పోతాది."

"పడుతుందని నాకు తెల్సు గదా. మళ్లీ పట్టుకో. ఈసారి నేను మర్చిపోయినప్పుడు వెయ్యి."

రెడ్డెప్ప పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. ఉస్తాద్ స్టీరింగు మీద చేతులు వేసుకుని మాటల్లో పడ్డాడు. లారీ రోజుల్లో కడప దారిలో ఒక పూటకూళ్లమ్మ ఉగ్గాని చేసేదట. అందులో వేసే పుట్నాలపొడి ఎట్లాంటిదో ఇప్పటికీ తన కోడలికి అంతు పట్టలేదట. అడిగితే ఆ అమ్మ చెప్పేది కాదట. ఒకసారి క్లీనర్ని వంటింటి కిటికీ దగ్గర కాపలా పెట్టాడట.

"వాడు చూసొచ్చి ఏమన్నాడంటే..." అంటూ ఉస్తాద్ నవ్వబోయాడు.

రెడ్డెప్ప పళ్లెం వదిలాడు.

ఉస్తాద్ ఒళ్లంతా ఉలిక్కిపడింది. కాలు టక్కున కిందికి దిగింది. దిగినచోటే దాన్ని అట్లాగే ఉంచాడు.

"వచ్చి చూడు."

రెడ్డెప్ప పక్కకి వచ్చి తలుపు మీదుగా వంగాడు. చాలాసేపు చూశాడు.

"నడిమిది," అన్నాడు.

"నడిమిదే. అడుగుదాకా తొక్కినా."

"ఇంజను వేసుండి, రోడ్డు మీద ఉండుంటే..."

"పోయుందుము."

ఆ మాటని ఉస్తాద్, టీలో చక్కెర తక్కువైందన్నంత తేలిగ్గా అన్నాడు. మందు కోసం వైద్యుడి దగ్గరికి వస్తే వైద్యుడు చొక్కా విప్పి అదే పుండు చూపించాడు. ఇన్నేళ్లు ఈయన పక్కన కూర్చుని ఘాట్ రోడ్డు దిగినవాళ్లంతా గుర్తొచ్చారు. బెంగళూరు ఆసామి, ఆయన మనవరాలు, తను.

"మీది కూడా పోతాది," అన్నాడు. "ఇంక నా గతేంది?"

"తాళం ఇట్ల ఇచ్చి, ఎక్కు."

"యాడికి?"

"కొండకి."

రెడ్డెప్పకి ఎక్కాలని లేదు. కానీ ఉస్తాద్ ఎక్కమన్నాక ఎక్కనని అనడం అతనికి చేతకాదు. ఎడమవైపు సీట్లోకి జారి, తలుపు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

పైకి ఎక్కేటప్పుడు అతనికి చెట్లూ కనిపించలేదు, లోయా కనిపించలేదు. కనిపించిందల్లా ఉస్తాద్ కుడికాలు. పాతబడిన తోలు చెప్పు, చీలమండ మీద తెల్ల వెంట్రుకలు, దాని కింద నడిమి పెడలు. ప్రతి మలుపుకీ తన కాలు తనంతట తానే కిందికి తొక్కుతోంది. అక్కడ ఏ పెడలూ లేదు, రేకు తప్ప.

కొండపైన కారు తిప్పి దిగడం మొదలుపెట్టారు. వెనకనుంచి ఒక కొత్త కారు హారను మోగించుకుంటూ వచ్చింది. కిటికీలోంచి ఒక కుర్రాడు తల బయటపెట్టాడు.

"తాతా! స్పోర్ట్సు కారుకి ఎద్దుల్ని కట్టినావా ఏంది?"

"కట్టినా నాయనా! ముసలెద్దులు!" అని ఉస్తాద్ నవ్వుతూ చెయ్యి ఊపి దారిచ్చాడు. ఆ కారు రయ్యిన పోయింది. వాళ్లకేమీ కాలేదు. కింద ఎక్కడో వాళ్ల పాట వినిపిస్తూనే ఉంది.

మొదటి మలుపు చాలా దూరంలో ఉండగానే ఉస్తాద్ కాలు నడిమి పెడలు మీద నుంచి లేచింది. కుడివైపుకి పోయి బ్రేకు మీద వాలింది, ఈగ వాలినట్టు. తొక్కిందో లేదో తెలియదు, కారు మాత్రం నెమ్మదించింది. మలుపు తిరిగారు. అవతల ఏమీ లేదు. ఖాళీ రోడ్డు.

రెండో మలుపు. మళ్లీ అంతే. కాలు ముందే లేచి, ముందే వాలింది. అవతల ఏమీ లేదు.

ఇంకో మలుపు. ఏమీ లేదు. దాని తర్వాతదీ అంతే. రెడ్డెప్పకి భయంలోంచి చిన్నగా విసుగు పుట్టింది. "ఎవరూ లేరు గదా ఉస్తాద్," అనబోయి ఊరుకున్నాడు. ఇంత నిదానంగా దిగితే చీకటి పడుతుంది. హెడ్మాస్టరు ఫోను చేస్తాడు. ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

తర్వాతి మలుపు దగ్గర రోడ్డు కొండచరియని రాసుకుంటూ పోయి ఒక్కసారిగా వంగుతుంది. ఉస్తాద్ కాలు ఎప్పటిలాగే ముందే లేచింది. ముందే వాలింది. కారు మెల్లగా వంపు తిరిగింది.

రోడ్డు నిండా ఎనుములు. ఈ చివరి నుంచి ఆ చివరికి నల్లగా, బురద కారుతూ, కదలాలన్న ఆలోచనే లేకుండా నిలబడి ఉన్నాయి. ఒకటైతే రోడ్డు నడుమ పడుకుని నెమరేస్తోంది.

రెడ్డెప్ప రెండు కాళ్లూ రేకు మీద తన్నిపెట్టి కళ్లు మూసుకున్నాడు.

కుదుపు రాలేదు. టైర్ల అరుపూ లేదు. కళ్లు తెరిచి చూస్తే కారు ఆగి ఉంది. ముందరి ఎనుముకీ కారు ముక్కుకీ మధ్య మంచం వేసి పడుకునేంత జాగా ఉంది. ఉస్తాద్ కాలు బ్రేకు మీద అట్లాగే తేలిగ్గా ఉంది. ఉలిక్కిపడినట్టే లేదు. ఉలిక్కిపడాల్సిన అవసరం దానికి రాలేదు.

ఎనుముల వెనక నుంచి ఒక ముసలామె కర్ర ఆడిస్తూ అరిచింది. "ఉండండి సామీ, ఉండండి! ఇవి దొరసానులు, ఊరికే లెయ్యవు!"

"తొందరేం లేదమ్మా," అన్నాడు ఉస్తాద్.

రెడ్డెప్ప కాళ్లు రేకు మీద నుంచి తీశాడు.

"ఈ మలుపు అవతల ఎనుములుండాయని మీకెట్ల తెల్సు ఉస్తాద్?"

"నాకెట్ల తెలుస్తాది?"

"మరి ముందే కాలు తీసినారు గదా."

ఉస్తాద్ అతనివైపు తిరిగాడు. "ఉండాయని తెలీదబ్బీ. ఇంతకుముందు మలుపుల్లో లేవనీ తెలీదు."

రెడ్డెప్ప వెనక్కి తిరిగి, దిగొచ్చిన మలుపు వైపు చూశాడు. ముసలామె పడుకున్న ఎనుముని బుజ్జగించి, తిట్టి, చివరికి తోక మెలేసి లేపింది. మంద మెల్లగా పొదల్లోకి దిగింది. రోడ్డు ఖాళీ అయింది.

ఉస్తాద్ ఇంజను ఆపి దిగాడు. కారు ముందునుంచి కుంటుకుంటూ చుట్టి వచ్చి, ఎడమవైపు తలుపు దగ్గర నిలబడ్డాడు. తాళం కారులోనే వదిలేశాడు. నిలబడ్డాడంతే.

రెడ్డెప్ప తలుపు అంచు వదిలాడు. తర్వాత కుడి సీట్లోకి జరిగాడు.

ఎడమచేత్తో తాళం తిప్పాడు. కుడిచేత్తో పక్కనున్న గేరు వేశాడు. కారు కదిలింది. ఒకసారి కళ్లు పెడళ్ల మీదికి దిగబోయాయి. బలవంతంగా పైకి లేపాడు. దూరంగా, చెట్ల సందులో, రోడ్డు వంగేచోట తెల్లటి గోడ కనిపించింది. దాన్నే చూశాడు. దాని అవతల ఏముందో తెలియదు.

కాలు నడిమి పెడలు మీద నుంచి లేచింది.

పక్కసీట్లో ఉస్తాద్ బీడీ తీసి, ముట్టించకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మలుపు తర్వాత మలుపు దిగారు. ఒకచోట కట్టెల మోపుతో ఒక మనిషి ఎదురయ్యాడు. ఒకచోట కోతులు. చాలాచోట్ల ఏమీ లేదు. కొండ అడుగుకి వచ్చేసరికి రెడ్డెప్ప చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. షెడ్డు ముందు కారు ఆపి, స్టీరింగు మీద చేతులు అట్లాగే ఉంచాడు.

"భయం పోలేదు ఉస్తాద్."

"పోనీయాకు," అన్నాడు ఉస్తాద్. "కాల్లో వద్దు. కంట్లో పెట్టుకో."

మోకాలు పట్టుకుని దిగి లోపలికి నడిచాడు. సాయంత్రం నమాజుకి వేళవుతోంది.

జేబులో ఫోను మోగింది. హెడ్మాస్టరు.

"ఏమప్పా రెడ్డెప్పా, ఏం తేల్చుకున్నావు? వేరే మనిషిని చూసుకోమంటావా?"

రెడ్డెప్ప కాలు వణుకుతోందేమో అని చూసుకున్నాడు. కొంచెం వణుకుతూనే ఉంది.

"వద్దు సార్, నేనే వస్తా," అన్నాడు. "కాకపోతే రేపట్నుంచి బండి పది నిమిషాలు ముందే వస్తాదని పిల్లోళ్ల ఇండ్లల్లో చెప్పండి."